అరంగుళం వదులు

మా మనవరాలి కుడిచేయి కాలి ఏడు నెలలైంది. మరిగే నీళ్లు పడ్డాయి. పుండు మానింది గానీ మచ్చ తాడులా పైకి లేస్తోంది. దాన్ని అణచడానికి ఆసుపత్రిలో కొలతలు తీసుకుని, సాగే గుడ్డతో చేతికి ఒక బిగుతు తొడుగు కుట్టించి ఇచ్చారు. స్నానానికి తప్ప తీయొద్దన్నారు. మచ్చ గట్టిపడితే మోచేయి ఇక చాచడం కుదరదట.

పిల్ల మూడు రోజులు ఏడ్చింది. "తాతా, పట్టేస్తోంది" అని ఒకటే గోల. నలభై ఏళ్లు బట్టలు కుట్టినవాణ్ణి. పట్టేస్తోందని ఎవరన్నా అంటే నా చేయి ఊరుకోదు. లావెక్కిన ఎంతమంది పెద్దమనుషుల పరువో నేను విప్పిన కుట్లలో దాగి ఉంది. కోడలు పనికి వెళ్లిన పూట తొడుగు తిరగేసి, కుట్టు విప్పి, అరంగుళం వదులు చేశాను. పిల్ల నవ్వింది. నేనూ పొంగిపోయాను.

నెల తర్వాత చూపించడానికి ముగ్గురం వెళ్లాం. తొడుగుల కొలతలు తీసే ఆవిడ చేయి చాపమంది. పిల్ల మోచేయి సగంలోనే ఆగిపోయింది. ఆవిడ మచ్చను వేలితో నొక్కి చూసి, కోడలి వైపు తిరిగింది.

"ఏమ్మా, రోజూ వేస్తున్నావా?"

"ఒక్క పూట కూడా మానలేదండీ."

"అందరూ అదే చెబుతారు. ఇలాగే వదిలేస్తే ఇక ఆపరేషనే."

కోడలి మొహం పాలిపోయింది. "ఒట్టండీ! కావాలంటే మా మామయ్యగారిని అడగండి."

ఇద్దరూ నా వైపు చూశారు. ఊరుకుంటే కోడలు దోషి అవుతుంది. పిల్ల ఆ వదులు తొడుగుతోనే ఇంటికొస్తుంది.

"అమ్మాయి తప్పేం లేదమ్మా. కుట్టు నేనే విప్పాను."

"ఎంత?"

"అరంగుళం."

ఆవిడ తొడుగు తిరగేసి చూసింది. "పనితనానికేం, బాగానే ఉంది పెద్దాయనా. పిల్ల చేయే పోయేది." మచ్చను మళ్లీ నొక్కింది. "ఇంకా పూర్తిగా గట్టిపడలేదు. బిగిస్తే లొంగొచ్చు. మాటివ్వలేను."

కోడలు పిల్లను తన వైపు లాక్కుంది. నన్ను తిట్టినా బాగుండేది.

ఆవిడ మళ్లీ కొలిచి, అక్కడే మిషను మీద కుట్టు బిగించి, తొడుగు నా చేతిలో పెట్టింది.

"వేయండి. ఇకనుంచి రోజూ మీరే వేయాలి."

పిల్ల గుక్కపట్టింది. మణికట్టు దాటించి, మోచేయి దాటించి, భుజం దాకా లాగాను.

"పో తాతా! నీతో కటీఫ్!"

"అలాగేలే తల్లీ. మాట్లాడకపోతే మానెయ్. చెయ్యి మాత్రం చాపు."