గచ్చులో మగ్గం గుంత

ఎనభై రెండులో వానలు తప్పి, ధర్మవరంలో మిల్లు హనుమంతరాయుడి శనగకాయల గోదాం ఖాళీగా పడింది. సైన్సు అయ్యవారు రామదాసు ఆయన వెంటపడి దాన్ని పిల్లల మ్యూజియానికి అడిగి పుచ్చుకున్నాడు. కొత్త గచ్చు వేశారు, బల్లల మీద అయస్కాంతాలూ అద్దాలూ పేర్చారు, నడుమ లక్ష్మీదేవమ్మ ఇచ్చిన పట్టు మగ్గం నిలబెట్టారు. నేసేవాళ్లు కాళ్లు పెట్టి తొక్కే గుంత మాత్రం మరిచారు. పొయ్యి లేకుండా కుండ ఎక్కించినట్టుంది వీళ్ల సంబడం.

లక్ష్మీదేవమ్మకు ఒళ్లు మండింది. భర్త పోయాక ఆమెను సాకింది ఆ మగ్గమే. మోకాళ్లు అరిగాక, పిల్లలు తొక్కి నేర్చుకుంటారనే ఇక్కడికి ఇచ్చింది.

"గుంత తవ్వాల," అంది.

"కొత్త గచ్చక్కా. చూసేదానికి ఇట్లే బాగుండాది," అన్నాడు రామదాసు.

"చూసి మొక్కేదానికి ఇదేమన్నా దేవుడా?"

అప్పుడే వచ్చిన హనుమంతరాయుడు, "నా గచ్చు పగలగొడ్తావా? అట్లయితే నీ మగ్గం ఎత్తుకొని పో," అన్నాడు.

ఎత్తుకుపోతే పిల్లలకు మగ్గమే ఉండదు. వదిలేస్తే అది ఉత్త బొమ్మ. ఊరంతా ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అని ఆమెను ఊరికే అనరు. మూలనున్న గడ్డపార అందుకుంది.

"అన్నా, మగ్గమోళ్ల పిల్లోళ్లకు లెక్కలు రావంటాండారు బళ్లో. ఈ మగ్గంలో ఉండేదంతా లెక్కే. అది ఆడితేనే కదా తెలిసేది."

ఠంగుమని వేసింది. మళ్లీ వేసింది. పగులు గోడవైపు పాకింది.

"నిలుపు తల్లీ, గచ్చంతా పోతాది," అని హనుమంతరాయుడు తల పట్టుకుని, గుంత మేరకే కోసి తవ్వమని మేస్త్రీని పిలిపించాడు.

మ్యూజియం తెరిచిన రోజు పిల్లలంతా ఆ గుంత చుట్టూనే మూగారు. లక్ష్మీదేవమ్మ గుంతలో కూర్చుని నేస్తుంటే, మగ్గం పైన తూట్లు పొడిచిన అట్టలు తిరుగుతున్నాయి. తూటు ఉన్నచోట పోగు లేస్తోంది, అంచులో హంస పుడుతోంది. బయమ్మ అనే పిల్ల అడిగింది: "అవ్వా, ఈ తూటు మూస్తే ఏమైతాది?"

లక్ష్మీదేవమ్మ చెయ్యి ఆగింది. చిన్నప్పుడు తనూ ఇట్లాగే, ఈ పోగు వదిలేస్తే ఏమవుతుందని అడిగింది. చీర చెడుతుందని నాయన చెంప వాచేట్టు కొట్టాడు. ఆ తర్వాత నేసిందే తప్ప ఏనాడూ అడగలేదు.

రామదాసు ఆ పిల్లను గదమాయించబోతే ఆమె చెయ్యి అడ్డం పెట్టింది.

"మూసి సూడు పాపా."

తూటు మీద కాగితం అంటించారు. అట్ట తిరిగింది, పోగు లేవలేదు, హంసకు కన్ను లేకుండా పోయింది. పిల్లలు పడిపడి నవ్వారు. బయమ్మ నవ్వలేదు. ఇంకో తూటు మీద వేలు పెట్టి, "మరి ఇది?" అంది.

చీరంతా చెడితే చెడనీ అనుకుని, లక్ష్మీదేవమ్మ పక్కకు జరిగి గుంతలో ఆ పిల్లకు చోటిచ్చింది.