రెండు నిమిషాల రంగు

ఆ ఇంట్లో ఉల్లిపాయలు అందరివీ, పొట్టు మాత్రం ఆమెది. కూరలోకి ఎన్ని తరిగినా, ఎవరు తరిగినా, పొట్టు చెత్తబుట్టలో పడకూడదన్నది ఆ ఇంట్లో ఆమె పెట్టిన ఒకే ఒక్క చట్టం. అది అమలు కావడానికి రెండేళ్లు పట్టింది. మొదట్లో అత్తగారు "పొట్టు దాచుకునే కోడల్ని నేనెక్కడా చూళ్లేదమ్మా" అని పక్కింటావిడతో చెప్పుకుని నవ్వేది. ఇప్పుడు ఆవిడే పొరపాటున బుట్టలో పడిన పొట్టు ఏరి, దులిపి, సంచిలో వేస్తోంది. భర్త సంగతి సరేసరి. అతను బస్సు డిపోలో టైమ్ కీపర్. ఏ బస్సు ఎన్నింటికి గేటు దాటిందో, ఎన్నింటికి తిరిగొచ్చిందో రాసే ఉద్యోగం. డిపో క్యాంటీన్ వాళ్లతో మాట్లాడి పెట్టుకుని, వారానికోసారి స్కూటర్‌కి పెద్ద సంచి తగిలించుకుని వస్తాడు. "పూలు తెచ్చే మొగుడు దొరకలేదు గానీ, నీకు పొట్టు తెచ్చే మొగుడు దొరికాడోయ్" అంటాడు గుమ్మంలోనే. ఆ మాటకి ఆమె వారం వారం నవ్వుతుంది. మొహమాటానికి కాదు, నిజంగానే నవ్వొస్తుంది.

వంటింటి వెనక, బట్టలుతికే మెషీన్ పక్కన, ఇద్దరు మనుషులు పట్టేంత జాగా ఆమె కార్ఖానా. ఒక పొయ్యి, వంటకి ఎప్పుడూ వాడని మూడు గిన్నెలు, పైన దండెం. తెల్లటి ఉన్ని దారాన్ని పెద్ద చుట్టలుగా చుట్టి, ముడులు వేసి, చిలపలు కడుతుంది. వాటిని పటిక నీళ్లలో నానబెట్టి, పొట్టు నీళ్లలో సన్నటి సెగ మీద ఉంచితే బంగారు రంగు వస్తుంది. మరీ మిరుమిట్లు గొలిపే బంగారం అందరికీ నచ్చదు. దాన్ని కాస్త లొంగదీయాలంటే తుప్పు నీళ్లు కావాలి. పాత మేకులు వెనిగర్‌లో వేసి నిలవ పెట్టిన నీళ్లు. అందులో ముంచితే రంగుకి వయసొస్తుంది. ఎక్కువసేపు ఉంచకూడదు, రెండు నిమిషాలు చాలు. ఆ జాగాకి ఒక తలుపు కూడా ఉంది. దాన్ని మాత్రం ఎప్పుడూ మూసి ఎరగదు. మూస్తే లోపలి పిలుపు వినిపించదని పొట్టు సంచి అడ్డం పెట్టి తెరిచే ఉంచుతుంది.

మంగళవారం పొద్దున్న ఫోన్ మోగింది.

"అమ్మాయ్, ఒక చెయ్యి మిగిలిపోయింది" అంది అవతలి గొంతు, హలో కూడా అనకుండా. రిటైరైన టీచరమ్మ. పోయినసారి ఆరు చిలపలు కొన్నావిడ.

"అయ్యో, ఎవరిదండీ?"

"నాదేనమ్మా, నా స్వెటర్‌ది. దారం చాల్లేదు. నలభై ఏళ్లుగా అల్లుతున్నాను. మా ఆయనకి అల్లాను, పిల్లలకి, వాళ్ల పిల్లలకి, ఆఖరికి మా అల్లుడి స్కూటర్ సీటుకి కూడా. నాకోసం అల్లుకున్నది ఇదొక్కటే. ఒంటిచేతి స్వెటర్ వేసుకుని నేనెక్కడికి వెళ్లను చెప్పు? ఇంకో రెండు చిలపలు కావాలి. అదే రంగు. దాని చెల్లెలి రంగు, మేనత్త రంగు అంటే ఒప్పుకోను. ఆదివారం సాయంత్రం వస్తాను."

ఫోన్ పెట్టేసి ఆమె తన నోటుబుక్కు తీసింది. చేసిన ప్రతి రంగుకీ అందులో ఒక పేజీ, పేజీకి ముడేసిన అంగుళం దారం ముక్క. టీచరమ్మ కొన్న రంగుని చాలాసేపు చూసింది. వాన వెలిశాక చెట్టు బెరడు మీద ఎండ పడినట్టుంటుంది. దూరానికి నలుపు. దగ్గరికి తెచ్చుకుంటే లోపల ఎక్కడో బంగారం ఇంకా బతికే ఉందని తెలుస్తుంది. అది అనుకుని చేసిన రంగు కాదు. ఆ రోజు గిన్నెలోంచి తీసినప్పుడు పాడైపోయిందనే అనుకుంది. ఆరాక చూస్తే, అంతవరకు తను చేసిన వాటిల్లో అంత మంచిది లేదు. పేజీలో తన గుండ్రటి అక్షరాలతో అన్నీ ఉన్నాయి. పొట్టు ఎంత, పటిక ఎంత, నీళ్లెన్ని. చివర్లో, తుప్పు నీళ్లు: 2 ని.

బుధవారం అచ్చంగా అలాగే చేసింది. ఆకుపచ్చ తిరిగిన పసుపు వచ్చింది. టీచరమ్మ అన్నట్టు చెల్లెలు కూడా కాదు, దూరపు చుట్టం. గురువారం మళ్లీ చేసింది. అదే చుట్టం. వెనిగర్ మారిందేమో అనుకుంది. మేకులు పాతబడ్డాయేమో, కొళాయి నీళ్లలో తేడా వచ్చిందేమో, క్యాంటీన్ వాళ్లు వేరే రకం ఉల్లిపాయలు కొంటున్నారేమో. అవన్నీ అయ్యాక తన చేతినే అనుమానించింది. ఇంట్లో ఏది కనబడకపోయినా ముందు తన జ్ఞాపకాన్నే తప్పు పట్టుకోవడం ఆమెకి అలవాటు. తాళంచెవి ఎవరు పారేసినా, "నేనే ఎక్కడో పెట్టి ఉంటాను" అంటూ వెతకడం మొదలుపెడుతుంది. మేకుల మీద, నీళ్ల మీద, తన మీద, అన్నిటి మీదా అనుమానం పడింది గానీ, ఆ "2 ని." మీద పడలేదు. అది తన చేత్తో రాసింది కదా.

శుక్రవారం మధ్యాహ్నం దండెం కింద నిలబడి, ఆ రోజుని మొదటినుంచీ తలుచుకుంటూ వచ్చింది. చిలపలు తుప్పు నీళ్లలో వేసింది. పేజీలో నిమిషాల దగ్గర ఇంకా ఏమీ రాయలేదు. అప్పుడు భర్త పిలిచాడు. "ఏమోయ్, ఒక్క రెండు నిమిషాలు ఇలా రా." పేజీలో 2 ని. అని రాసేసి వెళ్లింది. తర్వాత అత్తగారు "ఎలాగూ లేచావు కదా, ఒక్క రెండు నిమిషాలు ఈ మోకాలికి మందు రాసి పోవే తల్లీ" అంది. ఇంతలో ఆడపడుచు ఫోన్. "వదినా, రెండు నిమిషాలు మాట్లాడొచ్చా?"

రెండూ రెండూ రెండూ ఆరు. ఆరు నిమిషాలు ఉంచి చూసింది. రంగు ఒక అడుగు ముందుకేసి ఆగిపోయింది.

ఆ ఇంట్లో "రెండు నిమిషాలు" అంటే కాలం లెక్క కాదు, గారాబం. ఎవరూ ఆమెని గద్దించి పని చెప్పరు. గద్దిస్తే ఎదురు చెప్పడం తనకి వచ్చు. పుట్టింట్లో అందరికంటే పెద్ద నోరు తనదే. కానీ "ఒక్క రెండు నిమిషాలు" అంటూ చిన్నపిల్లల్లా అడిగితే, అంత చిన్నది కూడా ఇవ్వలేనా అనిపిస్తుంది. చేతిలో ఉన్నది వదిలేసి వెళుతుంది. అలా వదిలేసినవి చాలా ఉన్నాయి. మధ్యలో మడత పెట్టిన పుస్తకాలు, చల్లారిపోయిన టీలు, తలకి సగం రాసుకుని వదిలేసిన నూనె. ఒక్కోసారి ఒక ఆలోచన కూడా. ఏదో చాలా ముఖ్యమైనది తోచబోతుంటే పిలుపు వినిపించేది. తిరిగొచ్చేసరికి ఆ ఆలోచన ఉన్న చోట ఖాళీ మాత్రం ఉండేది. వాళ్లని తప్పు పట్టాలనిపించేది కాదు. పిలిచింది రెండు నిమిషాలకే కదా. ఇంకా తనకే ఏకాగ్రత తక్కువేమో అనుకునేది.

"ఏంటే, ఆ దారాలకేసి చూస్తూ అలా నిలబడిపోయావు?" అంది అత్తగారు, గోడ పట్టుకుని నడిచొచ్చి.

"ఆ రోజు మీ మోకాలికి మందు రాశాను చూడండి అత్తయ్యా, ఎంతసేపు పట్టిందంటారు?"

"ఎంతసేపేమిటి, రెండు నిమిషాలు." ఆవిడ స్టూలు మీద కూర్చుని మోకాలు నిమురుకుంది. "నువ్వు మందు రాయడం మొదలెట్టినప్పుడు నా సీరియల్ మొదలైంది. ఆ వేషాలమారి తోడికోడలు ఉత్తరం దాచేసింది, పెళ్లి ఆగిపోయింది, ముసలాయన కళ్లు తిరిగి పడ్డాడు. 'మళ్లీ రేపు' అని పడ్డాక కదూ నువ్వు 'అయ్యో నా దారం' అని పరిగెత్తావు!"

ఆవిడ చెప్పడం ఆపేసింది. మొహంలో నవ్వు అలాగే ఉండి, దాని వెనక ఇంకేదో కదిలింది. "సీరియల్ అరగంటే కదూ?" అంది మెల్లగా, తనని తనే అడుగుతున్నట్టు.

శనివారం భర్తకి వారాంతపు సెలవు. పొద్దున్నే ఆమె బంగారు రంగు వేసిన దారాన్ని పది ముక్కలుగా కత్తిరించి, కొసలకి దారపు తోకలు కట్టి తుప్పు నీళ్ల దగ్గర పెట్టుకుంది. "ఏమండీ, మీ డ్యూటీ వాచీ తెచ్చుకుని ఇలా కూర్చోండి. రెండు నిమిషాలకి ఒకటి తీస్తాను. తర్వాత అయిదు నిమిషాలకొకటి. టైము మీరే చెప్పాలి."

"నీకు నాకంటే మంచి టైమ్ కీపర్ ఈ ఊళ్లో దొరకడు" అని అతను హుషారుగా స్టూలు లాక్కున్నాడు. "రైట్!" అన్నాడు, బస్సు వదిలినట్టు.

రెండు నిమిషాలకి చెయ్యి ఎత్తాడు. ఆమె మొదటి ముక్క తీసి దండెం మీద వేసింది. అయిదు. పది. పదిహేనుకి అతను అటూ ఇటూ కదిలాడు. "టీ తాగొస్తానోయ్."

"కదలకండి. మీరు లేస్తే నా రంగు పోతుంది."

"పేపరైనా తెచ్చుకోనీ."

"డిపోలో గేటు దగ్గర పేపరు చదువుతారా?"

అతను మళ్లీ కూర్చున్నాడు. ఇరవై. ఇరవై అయిదు. దండెం మీద ముక్కలు ఒకదాని పక్కన ఒకటి, కుటుంబం ఫొటోకి నిలబడినట్టు, పసుపు నుంచి ముదురుకి దిగుతున్నాయి. ముప్ఫైకి అతని కబుర్లు ఆగిపోయాయి. ఏ పనీ చెయ్యకుండా, ఒకరి కోసం, ఒక చిన్న జాగాలో ముప్ఫై నిమిషాలు కూర్చోవడం ఎంత పొడుగ్గా ఉంటుందో అతని భుజాలు చెబుతున్నాయి. ఆమెకి జాలేసింది. పోనీలెండి, వెళ్లండి, అనే మాట నాలుక చివరిదాకా వచ్చింది. మింగేసింది. ముప్ఫై అయిదు. నలభై.

"నలభై అయిదు" అన్నాడు.

ఆమె ముక్క పైకి తీసి, పిండి, ఆరబెట్టి, నోటుబుక్కులో ముడేసిన దాని పక్కన పెట్టింది. రెండూ ఒకటే. వాన వెలిసిన బెరడు, లోపల బంగారం.

"దొరికింది!" అతను పిల్లాడిలా చప్పట్లు కొట్టాడు. కొట్టి, పేజీ మీదికి వంగాడు. "ఇక్కడ రెండు అని రాశావేం?"

"మీరు అంతే అన్నారు కదా."

"నేనా? ఎందుకు పిలిచాను నిన్ను?"

"రెండో సాక్సు కనబడలేదని."

"మరి కనబడిందా?"

"మొదటి సాక్సులోనే ఉంది. అది తెలియడానికి మంచం కింద, బీరువా వెనక అన్నీ చూశాం."

అతను నవ్వబోయాడు. సగంలో ఆగి దండెం వంక చూశాడు. మొదటి ముక్క నుంచి చివరి ముక్క దాకా, చూపుతో నడిచినట్టు నిదానంగా. "డ్రైవర్ ఒక నిమిషం ఆలస్యమైతే ఎర్ర సిరాతో రాస్తాను నేను" అన్నాడు, ఎవరితోనో చెప్పినట్టు. తర్వాత చేతి వాచీ విప్పి, గోడకున్న మేకుకి తగిలించి లోపలికి వెళ్లాడు. కాసేపటికి రెండు కప్పుల టీ తెచ్చాడు. పంచదార ఎక్కువైంది. అయినా ఆమె వేడిగా ఉండగానే మొత్తం తాగింది.

అతను వెళ్లాక పెన్ను తీసి, 2 కొట్టేసి, 45 రాసింది. వెనక పేజీలు తిరగేసింది. ప్రతి దాంట్లో ఏదో ఒక చోట, 2 ని. 2 ని. 2 ని. వాళ్లు అన్నారు సరే, రాసుకున్నది తనే. ఒక్కసారైనా గడియారం చూసి ఉండొచ్చు. చూస్తే తెలిసిపోతుంది. తెలిస్తే ఏదో ఒకటి చెయ్యాలి. ఏమీ చెయ్యక్కర్లేకుండా ఉండటానికి, వాళ్ల మాట తన అక్షరాలతో రాసి పెట్టుకుంది. ఇంతకాలం ఏకాగ్రత లేదని తిట్టుకున్న ఆ మనిషి మీద ఆమెకి ఒక్కసారిగా చాలా ప్రేమ పుట్టింది. ముక్కలు ముక్కలుగా దొరికిన కాలంలో ఇన్ని రంగులు చేసిన మనిషి!

ఆదివారం పొద్దున్న రెండు చిలపల్నీ తుప్పు నీళ్లలోకి దించింది. మేకుకి ఉన్న వాచీ చూసి టైము రాసుకుంది. పదకొండో నిమిషంలో లోపల్నించి గొంతు వినిపించింది. అలవాటు పడిన గొంతు, దాని తప్పేం లేదు. "ఏమోయ్, ఒక్క రెండు నిమిషాలు..."

ఆమె కాళ్లు అప్పుడే కదలబోయాయి. వాటిని కాసేపు చూసింది. తర్వాత వంగి, పొట్టు సంచిని పక్కకి జరిపింది. తలుపు దానంతట అదే మెల్లగా మూసుకుంటూ వచ్చింది.

"వస్తున్నానండీ, రెండు నిమిషాలు!" అని ముద్దుగా బదులిచ్చి, స్టూలు లాక్కుని కూర్చుంది.

తలుపు పూర్తిగా పడేలోపు అత్తగారి మాట వినిపించింది. "ఇంకా ముప్ఫై నాలుగు నిమిషాలున్నాయిరా నాయనా. ముందు ఆ మొదటి సాక్సులో చెయ్యి పెట్టి చూడు."