సర్పి మానిన తర్వాత

మొదట మంట మాత్రమే పుట్టింది. వేరుశనగ చేలో కలుపు తీస్తూ భీమమ్మ ఎడమ పక్కటెముకల మీద చెయ్యి పెట్టుకుని, "ఏందో కరిచినట్టుండాది, చూడు అమ్మీ" అని కోడలిని పిలిచింది. విశ్వాసమ్మ కొంగు తొలగించి చూసింది. ఒంటి మీద ఏమీ లేదు. రెండు మూడు రోజులకు అదే చోట ఎర్రగా కందింది. ఆ పైన ముత్యాలు పేర్చినట్టు పొక్కులు లేచాయి. వెన్నుపూస దగ్గర మొదలై, పక్క మీదుగా రొమ్ము కిందికి పాకాయి.

"సర్పి" అన్నది పక్కింటి రాహేలమ్మ చూడగానే. "పాము మాదిరి చుట్టుకుంటాది, తలా తోకా కలవకుండా చూసుకోవల్ల. కలిసినాయంటే మనిషి దక్కదు."

కుమ్మరి గోపన్నను పిలిపించారు. ఆయన ఎర్రమన్ను నీళ్ళలో కలిపి, పొక్కుల చుట్టూ గీతలు గీసి, రెండు కొసలకూ అడ్డంగా ఒక్కో పులిబొమ్మ వేశాడు. పల్లెలోని క్రైస్తవ గుడిలో ప్రార్థన నడిపే ఉపదేశి ఈ సంగతి విని ఆదివారం మొహం మాడ్చుకున్నాడు గాని పైకి ఏమీ అనలేదు. పొక్కులు పగిలాయి, చెక్కు కట్టాయి, రాలిపోయాయి. పాము తల, తోక కలవలేదు. మచ్చలు మాత్రం మిగిలాయి. ఇంట్లో అందరూ ఊపిరి పీల్చుకున్నారు.

నొప్పి పోలేదు.

మైదుకూరుకు కోసు దూరంలో ఉన్న ఆ పల్లెలో భీమమ్మ పేరు తెలియనివాళ్ళు లేరు. కోతలకు, నాట్లకు ఆడకూలీల జట్టును ఆమే నడిపేది. భూస్వాముల ముందు నిలబడి, కూలి గింజలు తక్కువ కొలిస్తే "ఇంకోసారి కొలువప్పా" అని అడగగలిగిన ఆడమనిషి ఆమె ఒక్కతే. మొగుడు కాలువ పనుల్లో రెక్కలు ముక్కలు చేసుకుని కొన్న మెట్టచేనును, ఆయన పోయాక, కొడుకు ఏసేపు ఎదిగేదాకా ఆమే కాపాడింది. ఆడపిల్లలు ఇద్దరూ చిన్నతనంలోనే కలరాకు పోయారు. అందుకే రాజంపేట నుంచి విశ్వాసమ్మ కోడలిగా వచ్చినప్పుడు, సాయంత్రంపూట తన ముందు కూచోబెట్టుకుని తల దువ్వి జడ వేసేది. అత్త జడ వేయడం చూసి ఆ వీధిలో ఆడవాళ్ళు నవ్వుకునేవారు.

అలాంటి మనిషి ఇప్పుడు అరుగు మీద, ఎడమ భుజం మీద బట్ట నిలవనీయకుండా, గాలి వచ్చే వైపుకు చేట అడ్డం పెట్టుకుని కూచుంటోంది. పక్క తాకితే కేక. దుప్పటి అంచు తగిలితే కేక. ఒక్కోసారి ఏమీ తగలకుండానే, ఎవరో లోపలి నుంచి కాల్చిన కమ్మీ దించినట్టు ఒళ్ళు విదిలించుకునేది.

"ఏమీ కనపడదే!" అనేవాళ్ళు చూడవచ్చినవాళ్ళు. "పుండు లేదు, వాపు లేదు. పైకి బాగనే ఉండావు కదా భీమమ్మా?"

ఆ మాట వింటే ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగేవి. పోను పోను నీళ్ళు పోయి, కోపం వచ్చింది.

జట్టు వేరే ఆమె చేతికి పోయింది. అత్తను విడిచి పోలేక విశ్వాసమ్మ కూలి కూడా పోయింది. మేకలు ఒక్కొక్కటే సంతకు నడిచాయి. ఒకటి పసరుమందుకు, ఒకటి లేహ్యానికి, ఒకటి వాతలు పెట్టే ఆయనకు. ఆయన పెట్టిన వాత మండిందే గాని, దాని కింది మంట అలాగే ఉంది.

చివరికి ఏసేపు బండి బాడుగకు తీసుకుని తల్లిని మిషను ఆసుపత్రికి తీసుకుపోయాడు. విశ్వాసమ్మ కూడా వెళ్ళింది. డాక్టరమ్మ మచ్చలు చూసింది. దూదిపింజతో ఆ చోట మెల్లగా తాకింది. భీమమ్మ ఎగిరిపడింది.

"అబద్ధం కాదమ్మా నీ నొప్పి" అన్నది డాక్టరమ్మ. ఆ మాట అన్న మొదటి మనిషి ఆమే. "పైన మానింది. లోపల నరం చెడింది. అందుకే గాలి తగిలినా నిప్పులా ఉంటుంది."

"ఎప్పటికి తగ్గుతాదమ్మా?" అని అడిగాడు ఏసేపు.

"చెప్పలేను. కొందరికి నెలల్లో తగ్గుతుంది. ముసలివాళ్ళలో కొందరికి ఉండిపోతుంది. నిద్ర పట్టడానికి పొడి ఇస్తాను. నయం చేసే మందు నా దగ్గర లేదు."

తిరుగుదారిలో మైదుకూరు గుట్టలు కనిపించాక ఏసేపు అన్నాడు: "మందు లేదని చెప్పించుకునేకి ఇంత దూరం పోయి వస్తిమి."

విశ్వాసమ్మకు మాత్రం ఆ డాక్టరమ్మ మాట ఒక్కటే నిజమనిపించింది. కానీ ఆ నిజంతో ఏం చేయాలో ఆమెకూ తెలియలేదు.

అప్పుడు వచ్చాడు ఉరుకుందు. ఆదోని వైపు మనిషి, చేతబడి తీస్తానంటాడు. సన్నగా, పొడుగ్గా, గొంతు పెంచకుండా మాట్లాడతాడు. సంతలో ఏసేపును కలిశాడు. ఉపదేశికి తెలియకుండా ఒక మధ్యాహ్నం ఇంటికి వచ్చి, భీమమ్మ ఎదుట గొంతుక్కూచున్నాడు.

"పుండు మానినాక నొప్పి ఉంటాదామ్మా? నువ్వే చెప్పు."

"ఉండకూడదు" అన్నది భీమమ్మ.

"ఉండాదంటే, ఎవరో ఉంచినారు. శానా దూరం పోవాల్సిన పని లేదు. నీకు కూడు పెట్టే చెయ్యి ఏదో దాన్ని చూసుకో." అంతే అన్నాడు. లేస్తూ ఏసేపుతో, "నయం చేస్తా. దుడ్లు పని అయినాకనే ఇయ్యి. బయానా మాత్రం ఇప్పుడు కావల్ల" అన్నాడు.

గాదె పక్కన కూతుర్ని చంకనేసుకుని నిలబడ్డ విశ్వాసమ్మ చేతిలో గంజి చెంబు ఉంది. అత్త దాని వైపు చూసింది. ఆ చూపు అంతకు ముందు ఎప్పుడూ చూడనిది.

ఆ రోజు నుంచి భీమమ్మ సంగటి ముద్ద ముందు పెట్టగానే, "నువ్వు ఒక తుంట తిను" అనేది. విశ్వాసమ్మ తినేది. తిన్నాక కూడా ఆమె కాసేపు చూస్తూ కూచునేది. బావి దగ్గర ఆడవాళ్ళు విశ్వాసమ్మ బిందె తగలకుండా తమ బిందెలు జరుపుకోవడం మొదలుపెట్టారు. ఉరుకుందుకు ఇచ్చే డబ్బు కోసం ఏసేపు చేను బేరం పెట్టాడు. కొనేవాడు తొందరపడలేదు. ధర తనంతట తానే దిగుతుందని అతనికి తెలుసు.

ఒక ఉదయం రాహేలమ్మ పిడకల గంప దించి, చుట్టూ చూసి, దగ్గరికి వచ్చింది. ఆమెకు మొగుడూ పిల్లలూ లేరు. ఆ వీధిలో ఇంకా విశ్వాసమ్మతో మాట్లాడుతున్నది ఆమె ఒక్కతే.

"అమ్మీ, ఆ ఉరుకుందు సంగతి తెలుసునా నీకు? పోయినేడు వంక అవతల ఊర్లో ఒకామె చేతబడి చేస్తాందని ఆమెకు ముందరి పళ్ళు పీకించినాడంట. పళ్ళు లేకుంటే మంత్రం పలకదని. పట్టకారుతో. ఆమె మొగుడే చేతులు పట్టుకున్నాడంట."

"మా ఆయప్ప అట్లాంటోడు కాదక్కా."

"ఆమె మొగుడూ అట్లాంటోడు కాదు" అన్నది రాహేలమ్మ.

ఆ వారమే, దండెం మీద ఏసేపు తలగుడ్డ తీయబోతే బరువుగా తగిలింది. విశ్వాసమ్మ విప్పి చూసింది. కమ్మరి కొలిమిలో వాడే పట్టకారు. ఎవరో శ్రద్ధగా దాని తుప్పు గీకి శుభ్రం చేశారు.

"ఇది ఎందుకయ్యా?" అని అడిగింది.

"దొడ్లో కంచెకు" అన్నాడు ఏసేపు. అతను మంచివాడు. అబద్ధం చెప్పడం రాదు. మొహం గోడ వైపు తిప్పుకున్నాడు. "అమ్మ బాధ నువ్వూ చూస్తాండావు కదమే. ఏదో ఒకటి చేయకుంటే ఎట్ల?"

పెళ్ళయిన నాటి నుంచి ఆ మనిషి విశ్వాసమ్మ మీద చెయ్యెత్తలేదు. ఇప్పుడు ఆ చేతుల వైపే చూస్తూ నిలబడిపోయింది.

మంగళవారం పొద్దున చేను అమ్మిన డబ్బు తీసుకుని ఉరుకుందును పిలుచుకురావడానికి ఏసేపు మైదుకూరు పోయాడు. ఎండ ఇంకా ముదరలేదు. ఒక్కోనాడు ఆ వేళలో భీమమ్మకు నొప్పి సద్దుమణిగేది. అరుగు మీద నుంచి పిలిచింది.

"అమ్మీ, ఇట్ల రా. కూచో."

విశ్వాసమ్మ దూరంగానే నిలబడింది.

"ఇప్పుడు నేను నేనుగా ఉండా. అందుకే చెప్తాండా, విను. నువ్వు ఏమీ చేయలే. నాకు తెలుసు."

"మరి నీ కొడుక్కు చెప్పు అత్తా! ఆయన వచ్చినాక అందరి ముందరా చెప్పు!"

భీమమ్మ తల అడ్డంగా ఆడించింది. "వాళ్ళు వచ్చే టయానికి అది లేస్తాది. లేసినాక నేను ఉండను బిడ్డా. ఆ మంటలో ఎవురు చేసినారు అని అడిగితే, అది నిలుస్తాదంటే ఎవురి పేరైనా చెప్తా. నీ పేరే చెప్తా. నోట్లో అదే ఉండాది." గాలికి చేట కదిలింది. ఆమె దాన్ని గట్టిగా పట్టుకుంది. "బిడ్డను ఎత్తుకుని పో. మీ అమ్మ దగ్గరికి పో. అది లేసే లోపల పో."

విశ్వాసమ్మ కూతుర్ని చంకనేసుకుని, మారు చీర మూట కట్టుకుని వెనక దారిన బయటపడింది. కడప పోయే పత్తిబండ్లు రోడ్డు మీద దొరికాయి. బండి కదిలి పల్లె దాటుతుండగా వెనక నుంచి కేక వినిపించింది. నొప్పి కేకో, తన పేరో తెలియలేదు. బండాయన వెనక్కి తిరిగి చూశాడు. ఆమె చూడలేదు.

కడపలో రైలెక్కి రాజంపేట చేరింది. పుట్టింట్లో ఏం జరిగిందని అడిగితే, అత్తకు బాగలేదు అని మాత్రం చెప్పింది.

వానలు పడి, చేలు పచ్చబడిన తర్వాత ఏసేపు వచ్చాడు. మనిషి సగమయ్యాడు. వాకిట్లో నిలబడి, లోపలికి రమ్మంటే గాని రాలేదు.

"అమ్మకెట్లుండాది?"

"అట్లే ఉండాది. ఏం తగ్గలే." కొంచెం ఆగి అన్నాడు: "ఆ పొద్దు నీ పేరు చెప్పింది. అందరి ముందరా."

"తెలుసు. చెప్తానని ముందే నాతో చెప్పింది."

ఏసేపు తలెత్తి ఆమెను చూసి, మళ్ళీ దించుకున్నాడు. చేను డబ్బు ఉరుకుందు తీసుకుపోయాడనీ, తాను ఇప్పుడు తన చేనులోనే కూలికి పోతున్నాననీ చెప్పాడు. అమ్మ నిన్ను కలవరిస్తోంది, రా అన్నాడు. ఇంక భయం లేదు, ఆ సంగతి అయిపోయింది అన్నాడు.

"ఎట్ల అయిపోయింది?" అన్నది విశ్వాసమ్మ. "నొప్పి తగ్గలేదంటివి. నేను ఆడ లేను. మరి ఆ పొద్దు ఉరుకుందు ఏం చేసి పోయినాడు?"

అతను చేతులు మోకాళ్ళ మధ్య పెట్టి నొక్కుకున్నాడు.

"ఎవర్ని?" అన్నది ఆమె.

"నిన్ను ఎవరో తప్పించినారు, వాళ్ళదే అసలు చెయ్యి అన్నాడు. అందరూ ఉరికినారు. నేను ఒక్కణ్ణి వద్దంటే నిలుస్తారా?"

"నువ్వు వద్దంటివా?"

ఏసేపు ఏడవడం మొదలుపెట్టాడు. "రాహేలమ్మ" అన్నాడు.

విశ్వాసమ్మ "బతికుండాదా?" అని అడిగింది.

"ఉండాది. తలుపు తీయదు. గుడికి కూడా రాదు."

అతనికి కంచంలో అన్నం పెట్టింది. తిన్నాక, నువ్వు పో, నేను నీతో రాను అని చెప్పింది. అతను రైలు వేళకు లేచి పోయాడు.

మర్నాడు ఆమె కూతుర్ని తల్లికి అప్పగించి, బియ్యం నూక కొంచెం మూట కట్టుకుంది. నమలలేని మనిషికి గంజి కాచిపోయడానికి అది మెత్తగా ఉంటుంది. ఎక్కడికని తల్లి అడిగింది.

"మైదుకూరు."

"అత్తింటికా?"

"కాదు" అన్నది విశ్వాసమ్మ. "దాని పక్కింటికి."