ఆరో గది పచ్చగానే ఉంది

“మనుషుల్ని చంపి పళ్ళు దాచుకుంటున్నారు మీరు! తెర మీద ఉన్నది ఎప్పటి కబురో ఏమో. ముందు లోడింగు ఆపించండి సార్!”

వదిన అంత గట్టిగా అరిచినా మేనేజరు కుర్చీలోంచి కదల్లేదు. ఆ పళ్ళ గిడ్డంగిలో సర్వరు కంప్యూటరుని చూసుకునేది ఆవిడే. ఆవిడ మరిది అక్కడే హమాలీ. వాడు వదినా అని పిలుస్తుంటే మిగతా హమాలీలూ అదే అందుకున్నారు. తండ్రి వయసున్న మేస్త్రీకి కూడా చివరికి ఆవిడ వదినే అయింది.

అక్కడ పళ్ళు ముగ్గిపోకుండా గదుల్లో ఆక్సిజన్ తీసేస్తారు. ఆ గదికి వాసన ఉండదు, హెచ్చరిక ఉండదు. అడుగు పెట్టినవాడు ఆయాసమైనా తెలియకుండా కుప్పకూలుతాడు. గదిలోని మీటరు ఎంత గాలి ఉందో సర్వరుకి కబురు పంపితే, సర్వరు దాన్ని లాగ్‌లో, అంటే తన చిట్టాలో, రాసుకుని నడవాలోని తెర మీద చూపిస్తుంది. ఎరుపైతే ఫ్యాన్లు వేసి గాలి నింపాలి. పచ్చ అయితే నేరుగా లోపలికి పోవచ్చు. తలుపు పక్కన ఇంకో మీటరెందుకు, దండగ అన్నారు పెద్దలు. హమాలీల ప్రాణాలు తీసుకెళ్ళి ఒక్క తెరకు కట్టేశారు.

ఆ ఉదయం వదిన పరీక్షకని సర్వరుకి తనే ఒక కబురు పంపింది. టీ తాగి, గ్లాసు కూడా కడుక్కుని వచ్చినా అది ఇంకా లాగ్‌లో కనిపించలేదు.

“ఆరో గది పచ్చగానే ఉంది కదమ్మా. బయట లారీలవాళ్ళు నా ప్రాణం తోడేస్తున్నారు. నీ కంప్యూటరు జలుబు నువ్వు చూసుకో,” అన్నాడు మేనేజరు.

“ఆరో గది నిన్న తెరిచారు, సాయంత్రం మళ్ళీ మూసి గాలి తీశారు. ఆ పచ్చ నిన్నటిదేమో సార్!”

“ఏమో అంటే లారీలు ఆగుతాయా? తేల్చుకుని రా.”

ఆవిడ సర్వరు గదికి పరుగెత్తి అక్కడినుంచి నడవాలోని గోడ ఫోనుకి చేసింది. మేస్త్రీ ఎత్తాడు.

“ఆరో గది తియ్యకండి. తీసినా ఫ్యాన్లు వేయకుండా ఎవర్నీ పంపకండి.”

“పచ్చగా ఉంటే ఫ్యాన్లెందుకని మేనేజరు తిడతాడు వదినా. ఇప్పుడు నేను ఆపితే రేపు నన్ను ఆపేస్తారు.”

వెనకనుంచి మరిది గొంతు వినిపించింది. “వదినేనా? ఆవిడ పెట్టె ఇంకా నిద్ర లేవలేదా? సాయంత్రం దానికో దుప్పటి కొనిపెడదాంలే. తలుపు తియ్యి మేస్త్రీ, చలికోటులో ఉడికిపోతున్నా!”

“వాడికి ఫోనివ్వండి!” అనేలోపు లైను తెగిపోయింది.

వదిన సర్వరులో ఒక్కొక్కటే వెతికి చూసింది. గడియారం సరిగ్గానే ఉంది. డిస్కు నిండలేదు. కేబులు ఊడలేదు. సర్వరుకి అసలు పనే లేదు, ఖాళీగా కూర్చుని ఉంది. అంటే ఎవరికోసమో కాచుక్కూర్చుంది. ఎవరికోసం? వచ్చేపోయే కబుర్లన్నీ తెరిచి చూసింది. ఒక్కో కబురు రాగానే, పంపిన మీటరు పేరేమిటని సర్వరు వేరే మిషన్‌ని అడుగుతోంది. జవాబు లేదు. మళ్ళీ అడుగుతోంది. విసిగి, పేరు లేకుండా నంబరుతోనే రాసుకుని తరువాతి కబురు అందుకుంటోంది. ఈలోగా వెనకాల వందల కబుర్లు పేరుకుపోతున్నాయి.

పేర్లు చెప్పే ఆ మిషన్ మేనేజరు గది మూలన ఉండేది. ఇందాక అక్కడ సోఫా కనిపించింది. దానికి అడ్డమని నిన్న పీకించేశాడన్నమాట. ఆవిడకి ఒక్కమాటైనా చెప్పలేదు మహానుభావుడు.

పేర్లు అడగడం మానెయ్యమని సర్వరుకి రాసింది. తొందరలో రెండుసార్లు తప్పు కొట్టింది. మూడోసారికి అది వింది. కట్ట తెగినట్టు కబుర్లు వచ్చి పడ్డాయి. ఆరో గది పచ్చ. పచ్చ. పచ్చ. ఎరుపు. ఆ తరువాత అన్నీ ఎరుపే.

మళ్ళీ గోడ ఫోనుకి చేసింది, అది మోగుతూనే ఉంది. ఎవరూ ఎత్తలేదు. ఆవిడ పరుగు తీసింది.

ఆరో గది తలుపు బార్లా తెరిచి ఉంది. మేస్త్రీ గుమ్మం బయటే బోర్లా పడుకుని, పెట్టెలు లాగే కొక్కెం కర్రను మరిది కోటుకి తగిలించి ఈడుస్తున్నాడు.

“లోపలికి రాకు వదినా! నువ్వూ పడిపోతావు!”

ఇద్దరూ కలిసి వాణ్ణి నడవాలోకి లాగారు. పెదాలు నీలంగా ఉన్నాయి. ఆవిడ వాడి నోటికి నోరు ఆనించి ఊదింది, మళ్ళీ ఊదింది. “ఒరేయ్, దగ్గురా! ఒక్కసారి దగ్గు నాయనా! మీ అన్నకి నేనేం చెప్పనురా?”

ఎప్పటికో ఛాతీ ఒక్కసారి ఎగిసింది. కళ్ళు మాత్రం తెరవలేదు. హమాలీలు పిలిపించిన అంబులెన్సు వాళ్ళు మాస్కు తగిలించి, ఊపిరుంది, అంతకుమించి ఏమీ చెప్పలేమన్నారు. ఆవిడ వాడి వెంట బండెక్కబోయింది. అప్పుడు వచ్చాడు మేనేజరు.

“తెర ఇప్పుడు బాగానే పనిచేస్తోందిగా? ఏడో గది పచ్చగా ఉంది, సరుకు అందులోంచి ఎక్కించండి.”

వదిన మెట్టు మీదనుంచి కాలు వెనక్కి తీసుకుంది. “వాడితో మీరు వెళ్ళండి మేస్త్రీ. చెయ్యి మాత్రం వదలకండి.” తిన్నగా వెళ్ళి ఏడో గది తలుపుకి వీపు ఆనించి నిలబడింది. హమాలీలు ఒక్కొక్కరే వచ్చి ఆవిడ పక్కన చేరారు.

“ప్రతి తలుపు బయటా మీటరు బిగించండి. దానికి సర్వరుతో పని ఉండకూడదు, తెరతో పని ఉండకూడదు. లోపలి గాలిని నేరుగా చూపించాలి. అది బిగించేదాకా ఒక్క తలుపూ తెరుచుకోదు. పళ్ళు కుళ్ళితే కుళ్ళనీయండి. ఫోను తియ్యండి సార్, మెకానిక్కుని ఇప్పుడే, నా ఎదురుగానే పిలవండి.”