కర్టెన్ రాడ్ల ఏరియల్

నాలుగోసారి నిచ్చెనెక్కి, పై కడ్డీని గోరంత లోపలికి నెట్టి, క్లిప్పు బిగించి, అతను రేడియో స్టేషన్ డాబా మీంచి కిందికి కేకేశాడు.

"స్విచ్ వేయండమ్మా."

కింది గదిలో అనౌన్సరమ్మ స్విచ్ వేసి, మీటరు చూసి, కిటికీలోంచి తల బయటపెట్టింది. "పచ్చగీతలోకి వచ్చేసింది బాబాయ్. దిగొచ్చెయ్."

అతను నిచ్చెన దిగి, ఆ తరవాత పంతొమ్మిది మెట్లూ దిగి, మోకాళ్లను బతిమాలుకుంటూ గదిలోకి వచ్చేసరికి ముల్లు మళ్లీ ఎర్రగీత మీద తీరిగ్గా కూర్చుని ఉంది.

"ఒట్టు బాబాయ్, నా కళ్లతో చూశాను."

"మీ మాట కాదనటం లేదమ్మా." నాలుగుసార్లూ ఇదే తంతు.

ఆ ముల్లు చెప్పేది ఒక్కటే సంగతి. ట్రాన్స్‌మిటర్ పంపిన శక్తిలో ఎంత గాలిలోకి పోయింది, ఎంత గడపదాకా వెళ్లి ఇంటికి తిరిగొచ్చింది అని. ఏరియల్ పొడవు కుదిరితే పోతుంది. కుదరకపోతే వెనక్కొచ్చి మిషన్‌నే కాలుస్తుంది. అసలే అది బక్కప్రాణి. దాని గొంతు ఊరి పొలిమేర దాటితే గొప్ప. నాలుగు రోజుల కిందట గాలివానకు పాత ఏరియల్ విరిగి పక్కింటి వంటగది కప్పు మీద పడింది. కొత్తది రావడానికి నెల పడుతుందన్నారు. నెల రోజులు ఆగే పని కాదది. ఊళ్లో కుళాయి నీళ్లు ఒక్కో వీధికి ఒక్కో వేళకు వస్తాయి, ఆ వేళ రోజూ మారుతుంది. సాయంత్రం అయిదున్నరకు స్టేషన్‌లో చదివితేనే జనానికి తెలిసేది. నాలుగు రోజులుగా వేళ తెలియక, ఈ పొద్దున ఆడవాళ్లు ఖాళీ బిందెలతో స్టేషన్ గేటు దగ్గరికి వచ్చి, అనౌన్సరమ్మను పేరు పెట్టి మరీ కడిగేసి పోయారు.

అందుకని అతను తన ఇంటి ముందుగది కర్టెన్ రాడ్లు ఊడదీసుకొచ్చాడు. ఒక గొట్టంలో ఇంకో గొట్టం జారే రకం. పొడుగు తగ్గించుకోవచ్చు, పెంచుకోవచ్చు. ఏరియల్‌కి అంతకంటే ఏం కావాలి? భార్య మంచం మీద మడతపెట్టి ఉన్న కర్టెన్ల వంక చూసి, "వీధిలో వాళ్లందరికీ మనిల్లు కనపడుతుంది కదండీ," అంది. "మనింట్లో చూడ్డానికేముందే," అన్నాడతను. ఆమె కాసేపు ఆలోచించి, అదీ నిజమే అన్నట్టు వంటింట్లోకి వెళ్లిపోయింది.

వెనకగదిలోంచి మామగారు కేకేశాడు. "ఏమోయ్ అల్లుడూ, నీ స్టేషన్ చచ్చిందా, నా రేడియో చచ్చిందా?"

"స్టేషనే మావయ్యా."

"అదీ, అలా చెప్పు. నా రేడియో చావదు."

ఆయనకు ఎనభయ్యారు. బరువులెత్తనీయకండి, మెట్లెక్కనీయకండి, కోపం తెప్పించకండి అని డాక్టరు చెప్పాడు. మొదటి రెండూ మా చేతుల్లో పనేనండీ అంది కూతురు. పదకొండేళ్లుగా ఆయన ఉద్యోగం ఒక్కటే. కుర్చీలో కూర్చుని నీళ్ల వేళలు వినడం, "బిందెలు పెట్టండి" అని ఇల్లంతా వినపడేలా ప్రకటించడం. ఆ బిందెల్లో ఒక్కదాన్నీ ఆయన ఏనాడూ ముట్టుకోలేదు. అది తన శాఖ కాదనేవాడు.

అయిదోసారి ఎక్కినప్పుడు అతనికి అనుమానం వచ్చింది. స్విచ్ వేసి ఉండగానే, కడ్డీలను తాకకుండా నిచ్చెన మీద కదలక నిలబడ్డాడు. "పచ్చ," అందామె. దిగి నాలుగడుగులు జరిగాడు. "పైకి పోతోంది బాబాయ్." మళ్లీ దగ్గరికొచ్చాడు. "పచ్చ." దూరం జరిగాడు. "ఎరుపు. అక్కడేం ఆటలాడుతున్నావు?"

అతనికి అర్థమైంది. ఆ కడ్డీలు అతన్నీ, అతని నిచ్చెననీ ఏరియల్‌లో భాగంగా లెక్కేసుకుంటున్నాయి.

ఇరవై రెండేళ్ల సర్వీసులో స్టేషన్ ఫోటోలు తొమ్మిది తీశారు. ఒక్కదాంట్లోనూ అతను లేడు. తొమ్మిదిసార్లూ ఫ్లాష్ లైటు పట్టుకున్నది అతనే. అతను సెలవు పెట్టిన రోజు ఎవరికీ తెలిసేది కాదు, వచ్చిన రోజూ తెలిసేది కాదు. ఉన్నాడా లేడా అని ఇంత పట్టించుకున్నది ఈ రెండు కర్టెన్ రాడ్లే. కాసేపు అతనికి ఎక్కడో సంతోషంగానే అనిపించింది. తరవాత నిచ్చెన భుజానికెత్తుకుని డాబా చివరికి నడిచాడు.

అప్పట్నుంచీ పని పెరిగింది. స్విచ్ ఆపించడం, నిచ్చెన వేసి ఎక్కడం, గోరంత జరపడం, దిగడం, నిచ్చెన మోసుకుని డాబా చివరికి పోవడం, స్విచ్ వేయించడం, ముల్లెక్కడుందని అరవడం. ఆమె కిందనుంచి జవాబు అరవడం. ఫోన్లో మాట్లాడుకుందామంటే అతని ఇంట్లో ఉన్న ఒక్క ఫోనూ భార్య దగ్గరుంది. ఆ ఫోనూ, ఒక చిన్న రేడియో పట్టుకుని ఆమె ఊరి చివర చెల్లెలింటికి వెళ్లింది, అంత దూరం వినపడుతోందో లేదో చెప్పడానికి.

తొమ్మిదోసారికి, అయిదూ ఇరవైకి, ముల్లు పచ్చగీతలోకి దిగి అక్కడే ఉండిపోయింది. అతను దగ్గర ఉన్నా లేకపోయినా దానికిప్పుడు పట్టింపు లేదు. కిటికీలోంచి కబురు మాత్రం రాలేదు. కిందికి వెళ్తే అనౌన్సరమ్మ గొంతు పట్టుకుని కూర్చుని ఉంది. నోరు తెరిస్తే గాలి తప్ప మాట రావడం లేదు. మధ్యాహ్నం నుంచి ఎరుపు, పచ్చ అని అరిచి అరిచి గొంతు కూచుంది.

ఆమె నీళ్ల వేళల కాగితం అతని చేతిలో పెట్టింది.

"నేనాండీ? నాకు నిచ్చెనెక్కమంటే తెలుసు."

ఆమె మైకు వైపు వేలు చూపించి, ఎర్రదీపం వెలిగించింది.

"నమస్కారం," అన్నాడతను. ఆ తరవాత ఊరంతా రెండు నిముషాల పాటు అతని ఊపిరి విన్నది. "నీళ్ల వేళలు. బడి వీధికి ఆరు. ఆసుపత్రి సందుకి ఏడున్నర. మా సందుకి ఆరుంపావు." అనౌన్సరమ్మ నుదురు కొట్టుకుంది. "అంటే, గిడ్డంగుల వెనక సందుకి," అని దిద్దుకుని, మిగతావి ఒక్క గుక్కలో చదివేశాడు. ఆమె పాటల కార్యక్రమం పెట్టేసింది.

స్టేషన్ ఫోన్ మోగింది. భార్య.

"గంట కొట్టినట్టు వినపడుతోందండీ. ఎవరో కొత్తాయన చదివాడు, పాపం పడిశం పట్టినట్టుంది."

"నేనే."

"మీరా?" అంది. "బాగానే ఉంది లెండి." మళ్లీ తనే, "మనకి ఆరుంపావుకా? వచ్చేది పది నిముషాలే, నేను ఇంటికి చేరేసరికి ఆరున్నరవుతుంది. ఈపూటకి నీళ్లు పోయినట్టే," అంది.

సందు మొదట్లో ఇద్దరూ కలుసుకున్నారు. కర్టెన్లు లేని కిటికీలోంచి ముందుగదీ, దాని వెనక మామగారి కుర్చీ రోడ్డు మీదికే కనపడుతున్నాయి. రేడియోలో పాట వస్తోంది. ఆయన తల పక్కకు వాల్చి వింటున్నాడు.

"నాన్నా, ఇవాళ చదివిందెవరో పోల్చావా?" అంటూ ఆమె లోపలికి వెళ్లింది. భుజం మీద చెయ్యేసి, ముక్కు దగ్గర వేలు పెట్టి చూసి, మెల్లిగా ఆయన కాళ్ల దగ్గర కూర్చుండిపోయింది. ఆయన ముఖంలో బాధ ఏమీ లేదు. తన మాట నెగ్గించుకున్న మనిషిలా ఉన్నాడు. చొక్కా కుడి చెయ్యి మాత్రం మోచేతి దాకా తడిసి ఉంది.

అతను రేడియో కట్టేశాడు. ఆమెకు కాసిని మంచినీళ్లయినా ఇద్దామని దొడ్లోకి వెళ్లాడు. నేల మీద తడిపాదాల గుర్తులు, చిన్న చిన్న అడుగులు, గుమ్మం దాకా వచ్చి ఉన్నాయి. కుళాయి గట్టిగా కట్టేసి ఉంది. దాని కింద బకెట్ నిండా నీళ్లు, అంచు దాకా, తొణక్కుండా.