నాపరాయి మీద పదిమంది

జక్కయ్యతో తూకం గురించి వాదించి గెలిచినవాడు మాచర్ల నుంచి వెల్దుర్తి దాకా ఒక్కడూ లేడు. ఆయన కూర్చునేదే కాటా గదిలో. నాపరాళ్ల లోడుతో వచ్చిన ప్రతి లారీ ఆయన కిటికీ ముందు ఆగాల్సిందే, ఆయన చెప్పిన బరువుకి డ్రైవరు తలూపాల్సిందే. అందుకేనేమో, బాక్సింగు గురించి మాట్లాడినా కాటా మనిషిలాగే మాట్లాడేవాడు.

"వంద కిలోలోడు కొడితే మనిషి పడిపోవడం వింతేంది? యాభై కిలోలు కూడా లేనోడు కొడితే పడ్డాడు చూడు, అదీ దెబ్బంటే!"

పటాలంలో ఉన్న పదకొండేళ్లూ డెబ్భై ఐదు కిలోల తరగతిలో ఆడి, ముక్కు వంకర చేసుకుని వచ్చిన మనిషి. ఉద్యోగం చాలించుకుని ఈ పాలిష్ ఫ్యాక్టరీ కాటాలో కుదురుకున్నాక, ఒక విరిగిన నాపరాయిని గది పక్కన గోడకి ఆనించి, బండలకి నంబర్లు వేసే ఎర్ర రంగుతో దాని మీద పది పేర్లు రాశాడు. అన్ని బరువులూ కలిపి, ఎదుటివాణ్ణి పడగొట్టడంలో ప్రపంచంలోకెల్లా మొనగాళ్లు. మొదటివాడు జిమ్మీ వైల్డ్. బొగ్గు గనిలో పనిచేసి వచ్చిన బక్క మనిషి, పడగొట్టినవాళ్లు మాత్రం వందకి దగ్గర దగ్గర. ఆ రాయి కనబడినప్పుడల్లా లారీ డ్రైవర్ మౌలాలీకి ఒళ్లు మండేది.

"టైసన్‌ని అయిదో నంబర్లో పెట్టావంటే నీకు బుర్రన్నా లేదు, కళ్లన్నా లేవు బావా!"

"టైసన్ని తీసుకురా, కాటా మీద నిలబెట్టు. బరువు చూసి మార్కులేస్తా."

ఎనిమిదేళ్లుగా ఇదే గొడవ. ఇద్దరికీ అది లేకపోతే తోచదు.

అయితే ఆ పది పేర్లూ కబుర్లకి మాత్రమే రాసినవి కావు. పటాలంలో జక్కయ్యకి గుర్నామ్ అని ఒక దోస్తు ఉండేవాడు. ఒక పోటీలో గెలిచి, నవ్వుకుంటూ కిందికి దిగి, జక్కయ్య పక్కన కూర్చుని జిలేబీ తిన్నాడు. తింటూ తింటూ, "మనం ఏ ఊళ్లో ఉన్నాం?" అని అడిగాడు. ఎగతాళి అనుకుని జక్కయ్య పగలబడి నవ్వాడు. సాయంత్రానికల్లా గుర్నామ్ లేడు. తలలో నరం చిట్లిందన్నారు. ఇరవై ఏళ్లు దాటినా జక్కయ్య తన ఆ నవ్వుని క్షమించుకోలేకపోయాడు.

అందుకే కూతురు గోపిక గ్లౌజులు కావాలని పట్టుబట్టిన రోజున ఆయన ఒకే షరతు పెట్టాడు. ఆట అయిపోయిన ప్రతిసారీ ఆమె గడ్డం కింద చెయ్యి పెట్టి తల పైకెత్తి, రెండు కళ్లలోకీ చూసి ఒక నంబరు అడుగుతాడు. ఆ నంబరు మీదున్న పేరు ఆమె తడుముకోకుండా చెప్పాలి. తప్పితే గ్లౌజులు గోడకి తగిలించాల్సిందే. అయిదేళ్లలో ఒక్కసారి కూడా ఆమె తప్పలేదు. పన్నెండేళ్ల పిల్ల పదిహేడేళ్లదైంది, నలభై ఎనిమిది కిలోల తరగతిలో ఆమె కుడిచేతి దెబ్బకి జిల్లాలో ఎదురు లేకుండా పోయింది.

ఆ ఆదివారం నరసరావుపేటలో సెలక్షన్లు. గెలిస్తే రాష్ట్ర పోటీలకి పోతుంది. పైయేటికి వయసు దాటి పెద్దవాళ్లలో కలుస్తుంది, మళ్లీ మొదటినుంచీ మొదలు. మైనరు కాబట్టి ఫారం మీద తండ్రి సంతకం కావాలి. శనివారం అయిదు గంటలలోపు ఆ కాయితం నరసరావుపేటలో కోచ్ ప్రేమలత మేడమ్‌కి అందాలి.

గురువారం పొద్దున ఫ్యాక్టరీ వెనక రేకుల షెడ్డులో, గురజాల నుంచి వచ్చిన మాధురితో గోపిక ప్రాక్టీసు చేస్తోంది. మాధురి ఆమెకన్నా ఆరు కిలోలు ఎక్కువ. ఆ పిల్ల విసిరిన కుడి చెయ్యి గోపిక కణత మీద హెడ్‌గార్డు అంచుకి తగిలింది. గోపిక ఒక అడుగు పక్కకి వేసింది, అంతే. పడలేదు. కానీ జక్కయ్య విజిల్ ఊదేశాడు. వచ్చి గడ్డం ఎత్తాడు.

"నాలుగు?"

"ఫోర్‌మన్."

జక్కయ్య ఆమె గడ్డం వదల్లేదు. నాలుగు షేవర్స్ కదా!

"ఆలోచించి చెప్పు తల్లీ. నాలుగు?"

"ఫోర్‌మనే నాన్నా. నలభై అయిదేళ్లప్పుడు మళ్లీ చాంపియన్ అయినోడు."

"ఏడు?"

"జూలియన్ జాక్సన్. కన్ను మూసుకుపోయినా ఒక్క దెబ్బతో పడగొట్టాడని నువ్వే చెప్పినావుగా."

ఏడో నంబరు జరాటే అనే బాక్సరు కదా! ఒకటి తప్పితే పొరపాటు అనుకోవచ్చు, రెండు తప్పింది, అదీ ఇంత ధీమాగా. గుర్నామ్ కూడా ధీమాగానే అడిగాడు ఆ ప్రశ్న. జక్కయ్య గ్లౌజుల ముడులు విప్పేశాడు.

"నేను చెప్పిందే కరెక్టు నాన్నా! రాయి చూద్దాం పద!" అంది గోపిక.

రాయి చూడటానికి వీల్లేదు. రెండు నెలల కింద ఓనరు దాని ముందు అమ్ముడుపోని బండలు నిలువెత్తు పేర్పించాడు. "ఆ బండలు తీయించు," అని ఆమె, "నేను రాసినదాన్ని మళ్లీ నేనే చూసుకోవాలా?" అని ఈయన. ఆయన మాట ఎప్పుడూ అంతే.

అప్పటికప్పుడు నరసరావుపేట తీసుకెళ్లి స్కానింగ్ చేయించాడు. డాక్టరు ఏమీ లేదన్నాడు. బస్సులో తిరిగొస్తూ మళ్లీ అడిగాడు. మళ్లీ ఫోర్‌మన్, మళ్లీ జూలియన్ జాక్సన్.

శుక్రవారం అంతా ఆయన పిల్ల వెంటే తిరిగాడు. ఆమె దొడ్లో స్నానం చేస్తుంటే నీళ్ల చప్పుడు ఆగినప్పుడల్లా తడిక దగ్గరికి పరిగెత్తేవాడు.

"అమ్మా గోపికా!"

"ఏంది నాన్నా! సబ్బు కూడా రాసుకోనియ్యవా?"

భార్య రోశమ్మకి విసుగొచ్చింది. "డాక్టరు బాగుందన్నాక నీదేంది మధ్యన? సంతకం పెట్టకపోతే ఆ పిల్ల జన్మలో నీతో మాట్లాడదు."

"మాట్లాడకపోయినా బతికుంటది," అన్నాడు జక్కయ్య.

శనివారం పన్నెండింటికి గోపిక ఫారం పట్టుకుని కాటా దగ్గరికి వచ్చి, గుమ్మంలో కూర్చుంది. ఏడవలేదు, బతిమాలలేదు. గంటన్నరలో నరసరావుపేట బస్సు. జక్కయ్య ఆమె వైపు చూడకుండా లారీలు తూస్తున్నాడు. భయమేసినప్పుడు పనిలో తల దూర్చడం ఆయనకి అలవాటు.

అప్పుడే మౌలాలీ ఖాళీ లారీతో కాటా ఎక్కాడు. జక్కయ్య ఖాళీ బరువు రాసుకున్నాడు. లారీ వెళ్లి గోడ పక్కన ఆగింది. గోడకున్న పాత సరుకంతా దాచేపల్లిలో ఎవరో కొన్నారట. హమాలీలు బండలు ఒక్కొక్కటే ఎత్తుతుంటే గోపిక లేచి నిలబడింది. ఆఖరి బండ లేచేసరికి వెనక జక్కయ్య రాయి కనబడింది. దాని మీద మందంగా తెల్లటి రాతి దుమ్ము, ఒక్క అక్షరమూ కనబడటం లేదు.

కొనేవాళ్లకి రాతి రంగు చూపించాలంటే నాపరాయి మీద నీళ్లు కొట్టడం అక్కడి పద్ధతి. గోపిక డ్రమ్ములోంచి బకెట్టు నిండా ముంచి ఒక్క విసురు విసిరింది. దుమ్ము బురదై కారిపోయింది. నల్లబడిన రాయి మీద ఎర్రటి అక్షరాలు తేలాయి.

నాలుగు, ఫోర్‌మన్. ఏడు, జూలియన్ జాక్సన్.

షేవర్స్ ఎనిమిదిలో ఉన్నాడు. జరాటే పేరు అసలు రాయి మీదే లేదు.

జక్కయ్య దగ్గరికి వచ్చి వేలితో రుద్ది చూశాడు. ఎవరో మార్చారనుకోవడానికి లేదు, ఆ వంకర అక్షరాలు ఆయనవే. ముందు ఆయనకి కలిగింది సంతోషమే. పిల్ల తల బంగారంలా ఉంది! రెండు రోజులుగా గుండె మీదున్న బరువు ఒక్కసారిగా దిగిపోయింది. ఆయన గబగబా పెన్ను తీసి, లారీ బానెట్ మీద ఫారం పెట్టి, అడిగిన రెండు చోట్లా సంతకం చేసేశాడు.

మౌలాలీ పగలబడి నవ్వుతున్నాడు. "పిల్లని రెండ్రోజులు చంపుకుతిన్నావు గదా బావా! నీకే మతిమరుపు. మొన్న కూడా ఖాళీ బరువు మూడుసార్లు అడిగావు నన్ను. రాసుకుంటావు, మళ్లీ అడుగుతావు. ఎగతాళి చేస్తన్నావనుకుని నేను చానా నవ్వుకున్నా."

అంటూ అంటూ అతను జక్కయ్య మొహం చూసి నవ్వు ఆపేశాడు.

జక్కయ్యకి అలా అడిగినట్టు గుర్తే లేదు. పటాలంలో పదకొండేళ్లలో ఆయన తలకి ఎన్ని దెబ్బలు తగిలాయో ఎవరు లెక్కపెట్టారు? ఆ రోజుల్లో ఎవరూ ఆయన గడ్డం ఎత్తి నంబర్లు అడగలేదు. ఆయన పెన్ను మూత పెట్టి జేబులో పెట్టుకున్నాడు. గురువారం నుంచీ పిల్ల కోసం పడ్డ భయమంతా ఇప్పుడు తన మీదికే తిరిగింది.

"బస్సు టైమైంది, పో తల్లీ," అన్నాడు.

గోపిక కదల్లేదు. సంతకాలు చేసిన కాయితం మడిచి మౌలాలీ చేతికిచ్చింది. వచ్చి తండ్రి గడ్డం కింద చెయ్యి పెట్టి, ఆయన తల పైకెత్తింది. రెండు కళ్లలోకీ మార్చి మార్చి చూసింది.

"ఒకటి?"

"జిమ్మీ వైల్డ్. నన్నే అడుగుతున్నావా, పిచ్చిదానా?"

"అయిదు?"

"టైసన్."

"నాలుగు?"

జక్కయ్య నోరు తెరిచాడు. ఎర్రటి అక్షరాలు ఇందాకే చదివాడు, వేలితో రుద్దాడు కూడా. ఆ మనిషి మొహం తెలుసు, నలభై అయిదేళ్ల సంగతి తెలుసు. పేరు మాత్రం రావడం లేదు. గోపిక భుజం మీదుగా రాయి వైపు చూడబోయాడు. ఆమె చెయ్యి ఆయన గడ్డాన్ని తన వైపే గట్టిగా పట్టింది.

"చూడకుండా చెప్పు నాన్నా. నాలుగు?"

"తెలుసులేవే, ఎగతాళికే చెప్పట్లేదు," అని జక్కయ్య నవ్వబోయాడు.

గోపిక నవ్వలేదు.