ముద్దల మేస్త్రి చెప్పని చోటు

లిఫ్టు మేస్త్రికి కోపం ముక్కు మీదే ఉంటుందని ఆయన భార్య అందరికీ చెబుతుంది. ముక్కు మీద కాదు, నాలుక మీద. కూరలో ఉప్పు ఎక్కువైతే ఊరుకుంటాడు, కారం తక్కువైతే సర్దుకుంటాడు. బాగాలేని తిండిని ఎవరైనా బాగుందన్నారా, ఇక ఆ మనిషికి ఆ పూట మూడినట్టే. ఇరవై ఆరేళ్లుగా ఊరంతా తిరిగి లిఫ్టులు బాగుచేస్తున్నాడు కాబట్టి ఆయన చెయ్యి కడగని హోటల్ అంటూ లేదు. తోటి పనివాళ్లు ముద్దల మేస్త్రి అని పేరు పెట్టారు. చుట్టాలొస్తే ఎక్కడ తినిపించాలి, రిటైరయ్యే గుమాస్తాకు విందు ఎక్కడ ఇవ్వాలి, పళ్లు లేని పెద్దాయనకు మెత్తగా ఎక్కడ వండుతారు, ఏది కావాలన్నా ఫోన్ ఆయనకే. ఆయన కూడా పని ఆపి, చేతికి గ్రీజు ఉండగానే, ఏ సందులో తిరగాలో, ఏ బల్ల దగ్గర కూర్చోవాలో, ఏది అడక్కూడదో విడమరిచి చెప్పేవాడు.

అలాంటి మనిషి ఆ సోమవారం మధ్యాహ్నం ఒక తలుపు ముందు నిలబడి, దాని మీద అంటించిన కాగితాన్ని మూడుసార్లు చదివాడు. ఈ నెలాఖరుతో హోటల్ మూసేస్తున్నాం, ఇన్నాళ్లు ఆదరించినందుకు కృతజ్ఞతలు అని చేత్తో రాసి ఉంది. నెలాఖరుకు ఇంకా పన్నెండు రోజులు.

అది బోర్డు లేని హోటల్. కుట్టుమిషన్లు బాగుచేసే కొట్టు పక్క సందులోకి తిరిగి ఎనిమిది మెట్లు దిగితే వస్తుంది. మూడు బల్లలు, పది కుర్చీలు. అరవై ఏళ్లావిడ వండుతుంది. మోకాళ్లు అరిగిపోయిన ఆవిడ భర్త వెనక పీట మీద కూర్చుని గిన్నెలు తోముతాడు. రోజుకు రెండే కూరలు, అవి కూడా ఆవిడ వండిందే మనం తినాలి, మనం అడిగింది ఆవిడ వండదు. ఆవిడ వండే చిక్కుడు గింజల కూర తిన్న రోజు మేస్త్రి సాయంత్రం దాకా ఎవరితోనూ పోట్లాడడు. పదకొండేళ్లుగా ఆయన మధ్యాహ్నం భోజనం అక్కడే, మూల బల్ల దగ్గర, కిటికీ కింద. ఆ కిటికీలోంచి వీధిలో నడిచేవాళ్ల చెప్పులు తప్ప ఇంకేమీ కనపడవు. ఆ కుర్చీలో ఇంకొకరు కూర్చోగా ఆయన చూసింది పదకొండేళ్లలో రెండుసార్లు, ఆ రెండుసార్లూ ఆయనకు తిన్నది ఒంటబట్టలేదు.

కాగితం చదివేసరికి అరికాలి మంట నెత్తికెక్కింది. హోటలావిడ మీద కాదు, ఊరి మీద. ముందురోజు ఆదివారం ఏం జరిగిందో తెలిస్తే ఎవరికైనా ఎక్కుతుంది.

బావమరిదికి ప్రమోషన్ వచ్చింది. ఇంటిల్లిపాదినీ పెద్ద రోడ్డు మీది అద్దాల హోటల్‌కు లాక్కెళ్లాడు. వాడికి ఫోన్‌లో స్టార్లు చూడనిదే మంచినీళ్లు కూడా గొంతు దిగవు. తిన్నచోటల్లా ఫొటో తీసి, నాలుగు మాటలు రాసి, తనూ స్టార్లు పంచిపెడతాడు. వాడు రాసింది చదివి తిండికి బయలుదేరేవాళ్లు వేలల్లో ఉన్నారట. అద్దాల హోటల్ వాళ్లు గంటన్నర బయటే నిలబెట్టారు. లోపల గోడ నిండా అద్దాలు, ఎటు చూసినా మన మొహమే. చేప మీద పూలరేకులు చల్లి తెచ్చారు. కోసి చూస్తే నడిమధ్యన ఇంకా మంచు కరగలేదు.

మేస్త్రికి ఇందులో ఆశ్చర్యం ఏమీ లేదు. లిఫ్టు పనివాడు ఏ హోటల్‌కూ ముందు గుమ్మంలోంచి వెళ్లడు. సరుకులు మోసే లిఫ్టు ఎప్పుడూ వెనకే ఉంటుంది. అందుకని జనం హోటళ్ల ముఖం చూస్తే ఈయన వీపు చూస్తాడు. ఆయన పద్ధతి ఒకటే, వెనక గుమ్మం దగ్గర చెత్త డబ్బా మూత ఎత్తడం. జనం తినలేక వదిలేసిందంతా అందులోనే పడుతుంది. డబ్బా నిండితే వంట చెడ్డది, ఖాళీగా ఉంటే మంచిది. మనిషి నోరు మొహమాటపడుతుందిగానీ డబ్బా పడదని ఎన్నిసార్లు చెప్పాడో లెక్కలేదు. అద్దాల హోటల్ వెనక అలాంటి డబ్బాలు ఆరున్నాయి, ఆరూ మూత పడకుండా ఉంటాయి.

ఇంత తెలిసినవాడి నోరు ఊరుకుంటుందా. అందరూ చేపకు ఫొటోలు తీస్తుంటే, ఇది పైన పటారం లోన లొటారం అని బల్ల గుద్ది మరీ చెప్పాడు. భార్య కింద కాలు తొక్కింది. పక్క బల్ల వాళ్లు తిరిగి చూశారు. బావమరిది పాపం నొచ్చుకున్నాడు.

"మరి నువ్వు రోజూ ఎక్కడ తింటావో చెప్పు బావా, ఈసారి అక్కడికే వెళ్దాం" అన్నాడు.

మేస్త్రి గ్లాసెత్తి నీళ్లు తాగి, సైటు దగ్గర ఏది దొరికితే అది తింటానని చెప్పి, మాట మార్చాడు.

అదీ ఆదివారం సంగతి. సోమవారం మధ్యాహ్నం ఈ కాగితం. మంచు చేప కోసం గంటన్నర నిలబడే ఊళ్లో ఇలాంటి చేతివంట దొరికే చోటు మూతపడుతుందా, ఈ జనానికి నోట్లో ఉన్నది నాలుకా లేక చెప్పుల అట్టా అని గొణుక్కుంటూ ఎనిమిది మెట్లూ దిగాడు. లోపల ఆయన కాక ఒక్కడే మనిషి ఉన్నాడు, వాడూ తినేసి లేస్తున్నాడు. ఆవిడ ఎప్పటిలాగే వడ్డించింది. కోపం కోపమే, కూర కూరే, మేస్త్రి రెండుసార్లు వేయించుకున్నాడు.

చెయ్యి కడుక్కుని వచ్చి అప్పుడు అందుకున్నాడు. ఫోన్లలో రాసేవాళ్లను తిట్టాడు. చదివేవాళ్లను తిట్టాడు. అద్దాల హోటల్ వంటవాడి ఏడు తరాలనూ తలుచుకున్నాడు. పక్కనే ఉన్న కుట్టుమిషన్ల ఆయన ఇంటి నుంచి అన్నం డబ్బా తెచ్చుకుంటాడు కదా, ఆయన్నీ వదల్లేదు. ఆవిడ బల్లలు తుడుస్తూ వింటోంది. చివరికి మేస్త్రి తన తిరుగులేని సాక్ష్యం తీశాడు. పదకొండేళ్లుగా మీ వెనక గుమ్మం చూస్తున్నాను, ఒక్కరోజు కూడా మీ చెత్త డబ్బాలో మెతుకు కనపడలేదు, గిన్నె అడుగంటా తినిపోయే హోటల్ మూసుకోవాల్సిన ఖర్మేమిటి మీకు అని అడిగాడు.

ఆవిడ గుడ్డ పక్కన పెట్టింది.

"డబ్బా ఖాళీగా ఉండేది నిజమే మేస్త్రిగారూ. మొదట్లో జనం తినేసేవారు. రెండేళ్ల నుంచి మాత్రం, పారబోయడానికి నాకు చేతులు రాక. మిగిలింది రాత్రికి మేమే తింటున్నాం, తెల్లారి మళ్లీ అదే. ఒక్క పూట వేడన్నం పెట్టవా అని మొన్న మా ఆయన అడిగాడు. వంట చేసేదాని మొగుడు అడగాల్సిన మాటేనా అది?"

వెనక గిన్నెల చప్పుడు ఆగింది. ఆ పెద్దాయనకు వినపడుతూనే ఉంది. కాసేపటికి మళ్లీ తోమడం మొదలుపెట్టాడు.

ఊరందరి డబ్బాలూ చదివినవాడికి ఈ డబ్బా చదవడం రాలేదు.  ఆవిడ చెప్పడం ఇంకా అయిపోలేదు.

"ఒకటి అడుగుతాను, ఏమీ అనుకోకండి. ఎక్కడ బాగుంటుందని ఊళ్లో అందరూ మిమ్మల్నే అడుగుతారట. కుట్టుమిషన్ల ఆయన చెప్పాడు. మా చోటు ఒక్కరికైనా చెప్పారా?"



చెప్పలేదు. ఒక్కడికంటే ఒక్కడికి చెప్పలేదు. దానికి ఆయన దగ్గర ఒక కారణం ఉంది, ఇన్నాళ్లూ అది గొప్ప కారణం అనుకున్నాడు. వంతెన దగ్గర ఒకప్పుడు చిన్న చేపల హోటల్ ఉండేది. మేస్త్రే కనిపెట్టాడు, మేస్త్రే ఊరంతా చాటాడు. ఆరు నెలల్లో అక్కడ కుర్చీ దొరకడం గగనమైంది, ఏడాదిలో వంట పాడైంది. ఆ రోజు చెంపలేసుకున్నాడు, ఇకమీద బాగున్నవి చెబుతానుగానీ అన్నిటికంటే బాగున్నది చెప్పనని. రెండో రకం, మూడో రకం చోట్లన్నీ ఊరికి పంచి, మొదటిది జేబులో వేసుకున్నాడు. ముద్దల మేస్త్రి ధర్మాత్ముడని ఊరు మెచ్చుకుంటుంటే మీసం తిప్పాడు. మూడేళ్ల కిందట ఈవిడే నోరు తెరిచి, నలుగురికి చెప్పండి మేస్త్రిగారూ అంటే, అదెంత పని అక్కా అని మెట్లెక్కి వెళ్లిపోయాడు. పై మెట్టుకు చేరేలోపే మర్చిపోవాలని నిశ్చయించుకున్నాడు కూడా. తిన్న ఇంటి వాసాలు లెక్కపెట్టేవాడైనా ఒకసారి తలెత్తి కప్పు చూస్తాడు. ఈయన అదీ చూడలేదు.

"లేదక్కా" అన్నాడు.

"ఎందుకని?"

"జనం వస్తే నా కుర్చీ పోతుందని."

అంతవరకూ మెల్లగా మాట్లాడుతున్న మనిషి కళ్లలో అప్పుడు మంట కనిపించింది. పదకొండేళ్లలో ఆవిడకు కోపం రావడం మేస్త్రి చూడలేదు.

"పది కుర్చీల్లో ఒకటి మీకు ఉంచలేకపోయేదాన్నా? అడిగితే దాని మీద మీ పేరు రాసిపెట్టేదాన్ని కదయ్యా. తొమ్మిది ఖాళీ కుర్చీల మధ్య కూర్చుని మీరు రోజూ ఎలా తిన్నారో నాకు అర్థం కావడం లేదు."

మేస్త్రి మెట్లెక్కి వీధిలోకి వచ్చాడు. సందు మలుపులో నిలబడి బావమరిదికి ఫోన్ చేశాడు. వాడు మీటింగులో ఉన్నానంటున్నా వినకుండా, ఏ సందు, ఎన్ని మెట్లు, ఏ కూర, పదకొండేళ్లు, అంతా ఒక్క గుక్కలో చెప్పాడు.  అంతా విన్నాక బావమరిది, నిన్న బల్ల గుద్దింది నువ్వేనా బావా అని మాత్రం అడిగాడు.

వాడు మంగళవారం వచ్చి తిన్నాడు. ఆ సాయంత్రమే రాశాడు. స్టార్లు పంచే వేళ్లతోనే అయినా, మొదటిసారి ఒళ్లు దగ్గర పెట్టుకుని రాశాడు. బుధవారం పది కుర్చీలూ నిండాయి. గురువారం మెట్ల మీద జనం. మేస్త్రి ఇరవై ఆరేళ్ల ఫోన్ నంబర్లన్నిటికీ తనే చేసి చెప్పాడు, అడగనివాళ్లకు కూడా. శుక్రవారం ఉదయం చేతులు కట్టుకుని ఆవిడ ముందు నిలబడి, ఇక ఆ కాగితం తీసేయండక్కా అన్నాడు.

ఆవిడ తీయలేదు. ఆసుపత్రి వంటశాలలో ఒకటో తారీఖు నుంచి పనికి వస్తానని మాట ఇచ్చేసిందట. అక్కడ ఎంత వండినా తినేవాళ్లు ఉంటారు, ఆయనకూ నాకూ రోజూ వేడన్నం దొరుకుతుంది, ఇచ్చిన మాట వెనక్కి తీసుకోలేను అంది. గది కూడా వేరేవాళ్లకు ఖాయమైపోయింది. చేతులు కాలాక ఆకులు పట్టుకుంటే ఏం లాభమో మేస్త్రికి ఒకరు చెప్పక్కర్లేదు. అయినా మిగిలిన రోజులన్నీ వచ్చి, పని మధ్యలో వదిలేసి, పళ్లేలు అందించాడు, కాళ్లు నొప్పిపుట్టేలా మెట్లెక్కి దిగాడు.

ఆఖరి రోజు సందు మొదటిదాకా జనం నిలబడ్డారు. మూల కుర్చీలో ఎవరో బడిపంతులమ్మ కూర్చుని చిక్కుడు గింజల కూర తింటోంది. మేస్త్రి తన పళ్లెం తీసుకుని వెనక గుమ్మం దగ్గరికి వెళ్లి, చెత్త డబ్బా పక్కన నిలబడ్డాడు. మూత ఎత్తాలనిపించలేదు. అక్కడే ఇంకొకాయన కూడా చోటు దొరక్క నిలబడి తింటున్నాడు. పక్క వీధిలో కార్డులు అచ్చేసే కొట్టు ఆయనది. వేళ్లు నాకుతూ, తినేకొద్దీ కోపం తెచ్చుకుంటున్నాడు.

"నా కొట్టు ఇక్కడికి వంద అడుగులు లేదండీ. పన్నెండేళ్ల నుంచి ఎండు రొట్టె తెచ్చుకుని తింటున్నాను. ఈ చోటు తెలిసినవాడు ఒక్కడైనా ఉండే ఉంటాడు కదా. రోజూ వచ్చి, మెక్కి, మూతి తుడుచుకుని, నోరు మూసుకుని పోయాడంటే వాడు మనిషేనా అండీ?"

మేస్త్రి తేలు కుట్టిన దొంగలా ఉండిపోవచ్చు. రెండడుగుల దూరంలో పొయ్యి దగ్గరున్న ఆవిడ అన్నీ వింటోంది, అయినా పెదవి విప్పడం లేదు. పీట మీది పెద్దాయన తోముతున్న గిన్నెలోంచి తలెత్తలేదు. ఇంకెవరికీ తెలియదు, తెలిసే దారీ లేదు. కానీ బాగాలేనిదాన్ని బాగాలేదని చెప్పకుండా ఉండలేని నాలుక కదా అది.

"నేనేనండీ ఆ మనిషిని" అన్నాడు. "పదకొండేళ్లు."

అచ్చు కొట్టాయన నవ్వబోయాడు, మేస్త్రి ముఖం చూసి ఆగిపోయాడు. కింది నుంచి పైదాకా ఒకసారి చూశాడు.

"మరి ఇప్పుడెందుకు చెప్పారు?" అన్నాడు.

జవాబు కోసం చూడకుండా పళ్లెం పట్టుకుని కాస్త ఎడంగా జరిగి నిలబడ్డాడు. హోటలావిడ గరిటె పట్టుకుని వచ్చి, గిన్నెలో మిగిలిన కూరను ఇద్దరి పళ్లేల్లోనూ సమానంగా వడ్డించి, ఖాళీ గిన్నెను తోమడానికి భర్త ముందు పెట్టింది.